నిలవుంటే గట్టిపడి, కలిపితే పలచబడే బెంటోనైట్: నీళ్లు పొయ్యాలా, వద్దా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. శ్రీకాకుళంలో నాగావళి ఒడ్డుకు దగ్గర్లో ఒక భవనానికి బోర్ పైల్స్, అంటే నేలలో లోతుగా బోరు తవ్వి కాంక్రీటు నింపే పునాది స్తంభాలు వేస్తున్నారు. బోరు గోడ కూలకుండా నింపే బెంటోనైట్ స్లర్రీ (నీళ్లలో కలిపిన బంకమట్టి) రాత్రి ట్యాంకులో వదిలేస్తే తెల్లారేసరికి కదలకుండా బిగుసుకుపోయి కనిపించింది. "గట్టిపడిపోనాది బాబూ, రెండు డ్రమ్ములు నీళ్లు కొట్టించీండి" అన్నాడు మేస్త్రి. మీరు కర్రతో కెలికి చూస్తే అదే స్లర్రీ మళ్లీ పలచబడింది. ఇది పాడైనట్టా, నీళ్లు పొయ్యాలా అన్నది మొదటి సందేహం. వీడియోల్లో కార్న్‌ఫ్లోర్ నీళ్లను గట్టిగా కొడితే గట్టిపడుతుంటే ఇక్కడ కొట్టినకొద్దీ పలచబడుతోంది, ఇదేం లెక్క అన్నది రెండోది.

పాడవలేదు. నీళ్లు పొయ్యొద్దు. పంపు వేసి ట్యాంకులో స్లర్రీ అంతా ఒకసారి బాగా తిరిగేలా చెయ్యండి. ఆగీ ఆగగానే మార్ష్ కోన్ (స్లర్రీ దిగే టైము కొలిచే గరాటు) పట్టండి. 30 నుంచి 60 సెకన్ల మధ్య దిగితే, సాంద్రత 1.03కీ 1.10కీ మధ్య ఉంటే, పీహెచ్ 9 నుంచి 11.5 లోపు ఉంటే ధైర్యంగా బోరులోకి పంపండి. బోర్ పైల్స్‌కు మన భారతీయ ప్రమాణ కోడ్ ఐఎస్ 2911 చెప్పే హద్దులు ఇవే. రాత్రంతా కదలకుండా ఉన్న స్లర్రీ బిగుసుకోవడం తప్పు కాదు, మంచి బెంటోనైట్ లక్షణమే అది. బిగుసుకోకపోతే భయపడాలి.

నేను శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో వంతెనలకూ భవనాలకూ పైలింగ్ పనులు చూసినవాణ్ణి. నాగావళి, వంశధార, చంపావతి, ఏ నది పక్కన తవ్వినా ఇసుకే, ఆ ఇసుకలో నీళ్లే. అలాంటి చోట బోరు గోడ నిలబడిందంటే అది ఈ బురద పుణ్యమే. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. సైటులో "చిక్కగా ఉంది", "పలచగా ఉంది" అని కంటితో చూసి తీర్పు చెప్పే అలవాటు చాలా పనులు చెడగొడుతుంది.

ముందు అసలు సంగతి. 1687లో న్యూటన్ తన ప్రిన్సిపియాలో ద్రవాల గురించి ఒక ఊహ చేశాడు. ద్రవంలో ఒక పొర పక్క పొర మీద ఎంత వేగంగా జారితే, అడ్డు కూడా అంతే నిష్పత్తిలో పెరుగుతుందని. నీళ్లు, కిరసనాయిలు, ఆముదం, పంచదార పాకం ఈ లెక్కకు లొంగుతాయి. ఆముదం 20 డిగ్రీల దగ్గర నీటికంటే దాదాపు 1000 రెట్లు చిక్కన. అయినా మెల్లగా తిప్పినా జోరుగా తిప్పినా దాని చిక్కదనం మారదు. వేడి చేస్తే మారుతుంది, బలానికి మాత్రం మారదు. కాబట్టి చిక్కగా ఉండటం వేరు, బలానికి స్వభావం మారడం వేరు. ఈ రెండిటినీ కలిపేస్తే మీ ట్యాంకులో జరుగుతున్నది అర్థం కాదు.

న్యూటన్ లెక్కకు లొంగని ద్రవాలు మన చుట్టూ చాలా ఉన్నాయి. గోడకేసే రంగు, టూత్‌పేస్టు, చోడి అంబలి, కోడిగుడ్డు తెల్లసొన, రక్తం, పచ్చి కాంక్రీటు, మీ బెంటోనైట్. వీటిలో ఎక్కువ భాగం బలం పెరిగితే పలచబడేవే. కార్న్‌ఫ్లోర్ లాగా గట్టిపడేవి తక్కువ. వీడియోలకు అదే బాగుంటుంది గనుక అందరికీ అదే తెలుసు.

వీటిలో ఏ ఒక్కదానికీ "దీని స్నిగ్ధత (చిక్కదనం) ఇంత" అని ఒకే అంకె చెప్పలేం. ఎంత వేగంతో కదిపితే ఇంత, ఎంతసేపు ఊరుకున్నాక ఇంత అని చెప్పాలి. ఉదయం మీ మేస్త్రి చూసిందీ, కర్ర పెట్టాక మీరు చూసిందీ ఒకే స్లర్రీ, రెండూ నిజమే. మేస్త్రి ఊరుకున్న స్లర్రీని చూశాడు, మీరు కదిలిన స్లర్రీని చూశారు.

ఇప్పుడు లోపల ఏం జరుగుతుందో చూద్దాం. బెంటోనైట్ అంటే మాంట్‌మొరిల్లోనైట్ అనే బంకమట్టి. మనకు వచ్చే సరుకు ఎక్కువగా గుజరాత్‌లోని కచ్, రాజస్థాన్‌లోని బాడ్‌మేర్ ప్రాంతాలది. దాని రేణువులు పలుచని రేకులు. ఒక్కో రేకు మందం ఒక నానోమీటరు, అడ్డంగా చూస్తే దానికి వందల రెట్లు. రేకు ముఖం మీద రుణ విద్యుదావేశం ఉంటుంది, అంచుల మీద ధనావేశం ఉండొచ్చు. నీళ్లలో బాగా నానిన రేకులు కదలిక లేకపోతే మెల్లమెల్లగా ఒకదాని అంచు ఇంకోదాని ముఖానికి ఆనుకుంటూ ట్యాంకంతా అల్లుకుపోతాయి. పేకముక్కలతో మేడ కట్టినట్టన్నమాట. మేడ లోపల నూటికి తొంభై పాళ్లకు పైగా నీళ్లే, కానీ మేడ నిలబడి ఉన్నంతసేపూ ఆ నీళ్లు ఎటూ పారవు. కర్ర పెట్టి కెలికితే మేడ కూలుతుంది, రేకులు విడివిడిగా నీటితోపాటు జారతాయి. ఊరుకుంటే మళ్లీ కట్టుకుంటుంది. ఈ కూలడం కట్టుకోవడం ఎన్నిసార్లైనా జరుగుతుంది. ఈ గుణాన్నే థిక్సోట్రోపీ అంటారు.

ఇక్కడ ఒక తేడా గుర్తుపెట్టుకోండి. బలం పెరిగిన ఆ క్షణానే పలచబడి, బలం ఆగిన ఆ క్షణానే మామూలైపోయేవి కొన్ని. షాంపూ దాదాపు అలాంటిది. బెంటోనైట్ అలా కాదు, దానికి టైము కావాలి. కూలడానికి కొంత, కట్టుకోవడానికి ఇంకా ఎక్కువ. అందుకే చమురు బావుల వాళ్లు తిరిగే విస్కోమీటరుతో (చిక్కదనం కొలిచే సాధనం) జెల్ బలాన్ని, అంటే ఊరుకున్నాక బిగుసుకున్న బలాన్ని, రెండుసార్లు కొలుస్తారు, కదపడం ఆపిన 10 సెకన్లకు ఒకసారి, 10 నిమిషాలకు ఒకసారి. రెండో అంకె మొదటిదానికంటే ఎక్కువ రావడమే మామూలు. రెండూ చూస్తే గాని ఆ బురద తీరు తెలియదు.

పెరుగు కూడా కలిపితే పలచబడుతుంది కదా అని మీరు అడగొచ్చు. పెరుగును కవ్వంతో చిలికితే దాని అల్లిక తెగుతుంది, ఎంతసేపు ఊరుకోబెట్టినా మొదటి గడ్డతనం మళ్లీ రాదు. బెంటోనైట్‌కు వస్తుంది. మన పని మొత్తం ఆ తిరిగి రావడం మీదే ఆధారపడి ఉంది.

మీరే ఒకసారి చేసి చూడండి, అయిదు నిమిషాల పని. ట్యాంకులో బాగా కలిపిన స్లర్రీని గాజు గ్లాసులో సగానికి పోసి, చిటికెడు గరుకు ఇసుక వేసి చెంచాతో ఒక తిప్పు తిప్పి వదిలేయండి. పక్కన ఇంకో గ్లాసులో మామూలు నీళ్లు పోసి అలాగే చెయ్యండి. నీళ్లలో ఇసుక చెంచా తీసేలోపే అడుగుకు చేరుతుంది. స్లర్రీలో పెద్ద రేణువులు కొంత దిగి, మిగతావి గాజు గోడకు కనిపించేలా ఎక్కడివక్కడ ఆగిపోతాయి. కదిలించేటప్పుడు లోపలికి దూరిన గాలి బుడగలు కూడా పైకి రాకుండా నిలిచిపోతాయి. గ్లాసును నెమ్మదిగా వంచండి. పైమట్టం నీళ్లలా వెంటనే సమం కాదు, ఒక పక్క కాస్త ఉబ్బి ఆగుతుంది. ఇంకొంచెం వంచి గ్లాసు మీద వేలితో కొట్టండి, ఉన్నట్టుండి జారుతుంది. ఆ జారే ముందు అది పట్టుకుని ఉన్న బలం ఉందే, దాన్నే ఈల్డ్ స్ట్రెస్ అంటారు. ఆముదంతో ఇదే చేస్తే బుడగ ఎంత మెల్లగానైనా పైకి వచ్చి తీరుతుంది. ఆముదానికి ఈల్డ్ స్ట్రెస్ లేదు.

రంగు వేసేవాళ్లకు ఈ గుణం బాగా తెలుసు. బ్రష్ కింద పలచబడి సాఫుగా పరుచుకోవాలి, బ్రష్ ఎత్తగానే కారకుండా నిలవాలి. యూజీన్ బింగ్‌హామ్ అనే అమెరికన్ రసాయన శాస్త్రవేత్త ఈ రంగుల మీదే పరిశోధన చేసి, రంగు మామూలు ద్రవం కాదనీ, కొంత బలం దాటాక గాని పారడం మొదలుపెట్టదనీ తేల్చాడు. ఈ ప్రవాహాల శాస్త్రానికి 1920లో రియాలజీ అని పేరు పెట్టిందీ ఆయనే. ఈల్డ్ స్ట్రెస్ ఉన్న ద్రవాలను ఇప్పటికీ బింగ్‌హామ్ ద్రవాలంటున్నాం. పచ్చి కాంక్రీటూ అందులోదే, దాని సంగతి కింద చెప్తాను.

ఇక నీళ్లు ఎందుకు పొయ్యకూడదు. చాలామంది ఇంజనీర్లు కూడా స్లర్రీ పని బరువుతో గోడను ఆపడమే అనుకుంటారు. లెక్క వేసి చూడండి. నేల నీటి మట్టానికి 10 మీటర్ల కింద ఒక బిందువు తీసుకోండి. స్లర్రీ మట్టాన్ని నేల నీటికంటే మీటరున్నర పైన ఉంచాం, సాంద్రత 1.05 అనుకుందాం. లోపల 11.5 మీటర్ల స్తంభం, అంటే 12 మీటర్ల చిల్లర నీటికి సమానం. బయట 10 మీటర్ల నీళ్లు. తేడా రెండు మీటర్ల నీటి ఒత్తిడి. ఇప్పుడు నీళ్లు పోసి సాంద్రతను 1.02కు దించారనుకోండి. తేడా 1.7 మీటర్ల దగ్గర ఉంటుంది. పెద్దగా తగ్గలేదు కదా, మరి గోడ ఎందుకు కూలుతుంది?

ఆ ఒత్తిడి ఇసుక రేణువులను నెట్టి పట్టుకోవాలంటే మధ్యలో ఒక పొర ఉండాలి. లేకపోతే ద్రవం ఇసుక సందుల్లోంచి బయటికి కారిపోతుందే తప్ప గోడను నెట్టదు. మంచి స్లర్రీ ఇసుకలోకి కొంత దూరం దూరుతుంది. దూరినకొద్దీ వేగం తగ్గుతుంది, వేగం తగ్గినచోట జెల్ కడుతుంది, సందులు మూసుకుపోతాయి. దాని మీద బోరు వైపు పలుచటి కేక్ (బంకమట్టి పొర) పేరుకుంటుంది. ఆ తర్వాతే మన రెండు మీటర్ల ఒత్తిడి నిజంగా గోడ మీద పనిచేస్తుంది. అంటే ఊరుకున్నప్పుడు గట్టిపడే గుణమే మీ బోరు గోడ. నీళ్లు పోస్తే మీరు బరువు కంటే ముందు ఆ గుణాన్ని చంపేస్తున్నారు. రేకులు దూరదూరమైపోతే మేడ కట్టలేవు. తవ్వుతున్నప్పుడు పైకి తేలాల్సిన ఇసుక కూడా అడుగున కూర్చుంటుంది.

ఒక వంతెన పనిలో సబ్ కాంట్రాక్టర్ మనుషులు పంపు మీద భారం తగ్గుతుందని రాత్రి షిఫ్టులో ట్యాంకులోకి నీళ్లు వదిలేవారు. మార్ష్ కోన్ 27 సెకన్లు చూపించింది. మామూలు నీళ్లే 26 సెకన్లలో దిగుతాయి, అంటే బోరులో ఉన్నది రంగు నీళ్లు. ఆ పైల్‌కు లెక్క ప్రకారం పట్టాల్సిన దానికంటే చాలా ఎక్కువ కాంక్రీటు పట్టింది. ఎక్కడో ఇసుక పొర లోపలికి జారి పొట్ట ఏర్పడిందన్నమాట. పొట్ట వస్తే డబ్బు పోతుంది, అంతటితో సరి. అదే జారిన ఇసుక పోస్తున్న కాంక్రీటులో పడితే పైల్ మెడ సన్నబడుతుంది, ఆ నష్టానికి లెక్క లేదు.

మార్ష్ కోన్ గురించి నాలుగు మాటలు. ఇది 1931లో హాలన్ మార్ష్ అనే ఇంజనీరు చమురు బావుల కోసం తయారుచేసిన గరాటు. ఒకటిన్నర లీటరు పోసి, 946 మిల్లీలీటర్లు దిగడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూస్తాం. కొన్ని సైట్లలో ఒక లీటరు దిగే టైము రాస్తారు, అప్పుడు నీళ్లకు 28 సెకన్ల దాకా పడుతుంది. మీ కప్పు ఏదో ముందు నీళ్లతో సరిచూసుకోండి. గరాటు పైన ఉండే జల్లెడ గుండానే పొయ్యాలి. ముఖ్యంగా, కలపడం ఆగిన వెంటనే పట్టాలి. నింపిన గరాటును అలా పట్టుకుని ఎవరితోనో ఫోన్ మాట్లాడి తర్వాత వేలు తీస్తే లోపల జెల్ మొదలై ఎక్కువ సెకన్లు చూపిస్తుంది. ఒకే బకెట్టు నుంచి ఇద్దరు మనుషులు రెండు అంకెలు రాయడం నేను చూశాను, తేడా అంతా ఆ ఆలస్యంలోదే.

ఈ గరాటు ఇచ్చేది పారుతున్న స్లర్రీ తీరు మాత్రమే. ఊరుకున్నప్పటి బలాన్ని అది చెప్పదు. అందుకే మార్ష్ ఒక్కటే చూసి సంతృప్తి పడకండి. సైటులో విస్కోమీటరు లేకపోతే పైన చెప్పిన గ్లాసు పరీక్షైనా రోజూ చెయ్యండి.

ఇప్పుడు మీ మేస్త్రి మాటలో నిజం ఉండే సందర్భాలు. ఆయన్ని కొట్టిపారెయ్యకండి, ఆ అనుభవం ఎక్కడో పనికొచ్చే ఉంటుంది.

పంపుతో బాగా తిప్పాక కూడా మార్ష్ 60 దాటి 90 దిక్కుగా పోతుంటే అది థిక్సోట్రోపీ కాదు, ఏదో కలిసింది. మట్టి కలిసి ఉండొచ్చు, అప్పుడు సాంద్రత కూడా పెరుగుతుంది. డీసాండర్ (స్లర్రీలోంచి ఇసుకను వేరుచేసే యంత్రం) గుండా పంపాలి, సన్న బంకమట్టి అయితే డీసాండర్ కూడా ఆపలేదు, కొంత పారబోసి కొత్తది కలపాలి. లేదా సిమెంటు కలిసి ఉండొచ్చు. పక్క పైల్ కాంక్రీటు పోసేటప్పుడు వెనక్కి వచ్చిన స్లర్రీని చూసుకోకుండా అదే ట్యాంకులో కలిపేస్తే ఇలా అవుతుంది. సిమెంటులోని కాల్షియం రేకుల మీద ఉన్న సోడియంను తోసేసి కూర్చుంటుంది, రేకులు గుంపులు కడతాయి. పీహెచ్ 11.5 దాటుతుంది. కెలికినా పలుకులు పలుకులుగా ఉంటుంది, నున్నగా రాదు. కొద్దిగా చెడితే సోడియం బైకార్బొనేట్ వేసి బాగుచేస్తారు. నా మట్టుకు నేను పైల్ ఆఖరి భాగంలో వచ్చే స్లర్రీని ట్యాంకుకు రానివ్వను, వేరే గుంతలోకి తోలిస్తాను. బాగుచేసే ఖర్చు కంటే అది చవక.

దీనికి ఎదురు సందర్భం, అసలు బిగుసుకోకపోవడం. సముద్రానికి దగ్గర, ఉప్పుటేరు పక్కన ఒక పని చేశాం. అక్కడి బోరు నీళ్లతోనే బెంటోనైట్ కలిపారు. తెల్లారి చూస్తే ట్యాంకు పైన జానెడు తేట నీళ్లు, కింద వదులుగా దిగిన మట్టి. ఉప్పు నీళ్లలో రేకులు ఉబ్బవు, ఉబ్బకపోతే అల్లుకోవు. ఎన్ని బస్తాలు ఎక్కువ వేసినా ప్రయోజనం లేదు. ట్యాంకర్లతో మంచి నీళ్లు తెప్పించి, కొత్తగా కలిపి, రోజంతా నాననిచ్చి వాడాం. మంచి నీళ్లలో ముందే పూర్తిగా నానిన బెంటోనైట్ తర్వాత కొంత ఉప్పు తగిలినా తట్టుకుంటుంది. పొడిగా ఉప్పు నీళ్లలో పడిందో, ఇక కోలుకోదు. నానడం అన్నచోట కక్కుర్తి పడకండి. వెయ్యి లీటర్లకు 50 కిలోల లెక్కన వేసి గంటలోనే బోరులోకి పంపితే మార్ష్ తక్కువ చూపిస్తుంది, సరిపోలేదని ఇంకో రెండు బస్తాలు వేస్తారు, రేపటికి అదంతా నాని పంపు లాగలేనంత అవుతుంది. అప్పుడు నీళ్లు పోస్తారు. చాలా సైట్లలో "నీళ్లు పొయ్యాలి" అన్న మాట పుట్టేది ఇక్కడే.

మరో హెచ్చరిక. జెల్ మంచిదని బోరులో గంటల తరబడి వదిలేయకండి. రిగ్ (బోరు తవ్వే యంత్రం) చెడిపోయి ఒకసారి తవ్విన బోరు స్లర్రీతో అలాగే ఉండిపోయింది. పైనుంచి నమూనా తీస్తే అన్నీ బాగున్నాయి. అడుగు నుంచి తీసిన నమూనా సాంద్రత 1.2 దాటింది. జెల్ సన్న ఇసుకను పట్టుకోగలదు గాని, ఎంతైనా ఎప్పటికీ పట్టుకోలేదు. గోడ మీద కేక్ కూడా గంట గంటకూ మందమవుతుంది, ఆ మందం మిగిలితే పైల్‌కూ నేలకూ మధ్య పట్టు తగ్గుతుంది. బోరులో వాడిన స్లర్రీ సాంద్రత 1.25 దాకా పెరగొచ్చు గాని, కాంక్రీటుకు ముందు ఫ్లషింగ్ చేసి (శుభ్రమైన స్లర్రీతో కడిగి) 1.12కు దించాలని కోడ్ చెప్పేది ఇందుకే. ఆ బోరుకు మేం గోడలు మళ్లీ గీకించి, అడుగు నుంచి స్లర్రీ మొత్తం మార్చి, అడుగు నమూనా హద్దులోకి వచ్చాకే కేజ్ (ఇనుప కమ్మీల బుట్ట) దించాం. నమూనా ఎప్పుడూ అడుగు నుంచే తీయండి.

మీ సైటులో వాడేది బెంటోనైట్ కాక పాలిమర్ (పొడుగు గొలుసుల్లాంటి అణువులున్న రసాయనం) అయితే నేను పైన రాసింది చాలావరకు వర్తించదు. పాలిమర్ కూడా కదిపితే పలచబడుతుంది, కానీ అలా జెల్ కట్టదు, ఇసుకను మోయదు. పైగా సెంట్రిఫ్యూగల్ పంపుతో మళ్లీ మళ్లీ తిప్పితే దాని పొడుగు గొలుసులు తెగిపోతాయి, తెగినవి తిరిగి అతుక్కోవు. బెంటోనైట్‌కు మందైన పంపు పాలిమర్‌కు విషం.

కాంక్రీటు సంగతి. కోన్‌లో నింపిన పచ్చి కాంక్రీటు ఎంత కుంగుతుందో చూసే స్లంప్ పరీక్షలో మీరు చూసేది ఈల్డ్ స్ట్రెస్‌నే. కోన్ ఎత్తగానే కుప్ప తన బరువుకు జారి, ఆ బరువు ఈల్డ్ స్ట్రెస్‌ను దాటలేని చోట ఆగుతుంది. ట్రెమీకి, అంటే బోరు అడుగుదాకా దించిన గొట్టంలోంచి కాంక్రీటు పోసే పద్ధతికి, 150 నుంచి 180 మిల్లీమీటర్ల స్లంప్ అడుగుతాం, ఎందుకంటే అక్కడ వైబ్రేటర్ పెట్టలేం, కాంక్రీటు తన బరువుతోనే లేచి స్లర్రీని పైకి నెట్టాలి. మామూలు స్లాబులో వైబ్రేటర్ సూది పెట్టగానే బిర్రుగా ఉన్న కాంక్రీటు చుట్టూ జానెడు దూరం మెరుస్తూ ద్రవంలా మారడం చూసే ఉంటారు. సూది తీస్తే మళ్లీ నిలబడుతుంది.

ట్రాన్సిట్ మిక్సర్ వచ్చి ఎండలో కాసేపు ఆగితే స్లంప్ పడిపోయిందని డ్రైవరు నీళ్ల పైపు అందుకుంటాడు. అక్కడా నా మాట ఇదే, ముందు డ్రమ్మును జోరుగా రెండు మూడు నిమిషాలు తిప్పించి అప్పుడు స్లంప్ చూడండి. కొంత బిగుసు థిక్సోట్రోపీదే, తిప్పితే పోతుంది. కానీ జాగ్రత్త, కాంక్రీటు బెంటోనైట్ కాదు. దానిలో సిమెంటు నీటితో రసాయనికంగా కలుస్తూనే ఉంటుంది, ఆ బిగుసు తిప్పితే పోదు. తిప్పాక కూడా తక్కువ వస్తే డిజైన్ ఇచ్చినవాళ్లు అనుమతించిన అడ్మిక్చర్ (కాంక్రీటులో కలిపే రసాయనం) వేస్తారేమో అడగండి. నీళ్లు మాత్రం పోయించకండి. పంపు లైనులో కాంక్రీటు ఆగిపోయినప్పుడు కూడా కొద్ది నిమిషాలకోసారి ముందుకీ వెనక్కీ కదిలించమనేది ఈ కారణానికే. పూర్తిగా ఊరుకుంటే మళ్లీ మొదలుపెట్టడానికి కావాల్సిన ఒత్తిడి పంపుకు మించిపోతుంది.

ఇక మీ కార్న్‌ఫ్లోర్. అది బెంటోనైట్‌కు ఎదురుగా ఎందుకు నడుస్తుందంటే, దాని రేణువులు రేకులు కావు, గుండ్రటి గింజలు, బెంటోనైట్ రేకులకంటే ఎంతో పెద్దవి. ఒకదాన్నొకటి పట్టుకోవు. పైగా చాలా ఇరుకుగా ఉంటాయి, కొలతకు రెండు కప్పుల పిండికి ఒక కప్పు నీళ్లు. మెల్లగా కదిపితే గింజల మధ్య పలుచటి నీటి పొర ఉండి జారనిస్తుంది. ఒక్కసారిగా గుద్దితే ఆ పొర తప్పుకోవడానికి టైము చాలదు, గింజకు గింజ రాసుకుని బిగిసిపోతాయి. బలం వదిలేస్తే నీళ్లు మళ్లీ మధ్యలోకి వస్తాయి, పిండి కారిపోతుంది. 2012లో షికాగో విశ్వవిద్యాలయంలో వైటుకైటిస్, జేగర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఈ ద్రవంలోకి కడ్డీని వేగంగా దించి చూశారు. దెబ్బ పడ్డ చోట కింద ఒక గట్టి ముద్ద ఏర్పడి, అది చుట్టూ ఉన్న ద్రవాన్ని కలుపుకుంటూ క్షణంలో పెరుగుతుందని కనిపించింది. మనిషి దాని మీద పరిగెత్తగలగడం ఆ ముద్ద వల్లే. ఆగి నిలబడితే మునుగుతాడు.

దీనికి దగ్గరి బంధువును మీరు కళింగపట్నం బీచ్‌లో ఎన్నోసార్లు తొక్కే ఉంటారు. అల వెనక్కి వెళ్లాక తడి ఇసుక మీద అడుగు గట్టిగా వెయ్యండి. పాదం చుట్టూ ఇసుక ఒక్కసారి తెల్లబడి ఎండినట్టు కనిపిస్తుంది. బిర్రుగా సర్దుకుని ఉన్న రేణువులు కదలాలంటే ఒకదాన్నొకటి ఎక్కి దాటాలి, అప్పుడు మధ్య సందులు పెరుగుతాయి, పైనున్న నీళ్లు ఆ సందుల్లోకి దిగిపోతాయి. కాలు తీశాక అక్కడే నీళ్లు చెమ్మగిల్లుతాయి. 1885లో ఆస్బోర్న్ రేనాల్డ్స్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త దీన్ని వివరించాడు. అదే ఇసుక వదులుగా సర్దుకుని, నిండా నీళ్లతో ఉంటే ఫలితం తలకిందులవుతుంది. అదిరినప్పుడు రేణువులు దగ్గరపడతాయి, నీటికి పోవడానికి దారి ఉండదు, ఇసుక మొత్తం ద్రవమైపోతుంది. మీ సైటులో పక్కనే బరువైన రిగ్ నడుస్తుంటే, కేసింగ్ (బోరులోకి దించే ఇనుప గొట్టం) కొడుతుంటే, కొత్తగా తవ్విన బోరుకు ఈ ప్రమాదం ఉంది. కాంక్రీటు గట్టిపడని పైల్ పక్కన వెంటనే ఇంకోటి తవ్వనివ్వకండి.

బంకమట్టి కూడా ఇలా మోసం చేయగలదు. నార్వేలోని రిస్సాలో 1978 ఏప్రిల్ 29న పొలాలూ ఇళ్లూ చెరువు వైపు ద్రవంలా ప్రవహించాయి. ఒకప్పుడు సముద్రం అడుగున ఉప్పు నీళ్లలో పేరుకున్న మట్టి అది, తర్వాత వానలకు ఉప్పు కడిగేసుకుపోయింది. చూడటానికి గట్టి నేల, ఒక మూల కదిలాక అంతా బురద. మన తీరాన అలాంటి మట్టి ఉందని నేను చెప్పడం లేదు. కదిలిస్తే బలం కోల్పోయే గుణం ట్యాంకుకే పరిమితం కాదని మాత్రం చెప్తున్నాను.

రేపు మీరు చెయ్యాల్సిన పని వరసగా ఇది. ట్యాంకును కనీసం పావుగంట పంపుతో తిప్పించండి, మూలల్లో బిగుసుకున్నది కూడా కదిలేలా పైపును జరుపుతూ ఉండండి. వెంటనే మార్ష్, సాంద్రత, పీహెచ్ చూడండి. గ్లాసులో ఇసుక పరీక్ష చెయ్యండి. ఇవన్నీ టైముతో సహా రిజిస్టరులో రాయండి, కలపడం ఎప్పుడు ఆగింది, కోన్ ఎప్పుడు పట్టారు అన్నది కూడా. మార్ష్ 60 దాటితే పంపకండి, ముందు పీహెచ్ చూసి సిమెంటా, మట్టా తేల్చండి. 30 కంటే తక్కువైతే నానబెట్టిన చిక్కటి స్లర్రీ వేరుగా తయారుచేసి కలపండి, పొడి బస్తా నేరుగా కుమ్మరించకండి.

మీరు కలపడానికి వాడే నీళ్లు ఏ బోరువో, అక్కడి నీళ్లు తాగితే ఉప్పగా ఉంటాయో లేదో, రాత్రి ట్యాంకు పైన తేట నీళ్లు ఏమైనా నిలిచాయో ప్రశ్నలో రాయలేదు. పైమూడు రీడింగులతోపాటు అవి కూడా ఇక్కడే రాయండి, చూసి చెప్తాను.